పొమ్మంటే ఎంత దూరం? ఎనిమిది యూరప్ భాషల్లో ఒక ‘పుష్ ఆఫ్’: కేస్ స్టడీ

ఇంగ్లాండు ఉత్తరాన ఒక రేవు ఊరు. అక్కడ గదులు అద్దెకిచ్చే డెబ్బయ్యేళ్ల ఆవిడ. పొద్దున వంటింట్లో కాళ్లకు అడ్డం పడుతున్న మనవణ్ణి చూసి ‘పుష్ ఆఫ్’ అంటుంది. మధ్యాహ్నం అప్పు వసూలుకొచ్చి గుమ్మంలో కాలు పెట్టినవాణ్ణి ‘పుష్ ఆఫ్’ అంటుంది. రాత్రి, పై గదిలో ఉండి నర్సింగ్ చదువుకునే మలయాళీ కుర్రాడు నిద్ర మానుకుని తన గిన్నెలు తోమిపెడుతుంటే వాణ్ణీ ‘పుష్ ఆఫ్’ అంటుంది. ఇంగ్లీషులో మూడు చోట్లా అవే రెండు పదాలు. మన ఇళ్లలో అయితే మొదటిది ‘పోరా భడవా’, రెండోది ‘ముందు గుమ్మం దిగు’, మూడోది ‘ఇక చాల్లే, పోయి పడుకో నాయనా’.

ఈ మూడూ ఒక మొబైల్ గేములోని మాటలు. కాల్పులు, పరుగులు లేని కథల గేము అది. ఆటగాడు ఆ ఇంట్లో అద్దెకు దిగి, ఎవరిని నమ్మాలో, ఎవరికేం జవాబివ్వాలో ఎంచుకుంటూ పోతాడు. నేను డబ్లిన్‌లో లోకలైజేషన్ పనిలో ఉన్నాను. ఈ గేమును ఇంగ్లీషు నుంచి ఎనిమిది భాషల్లోకి తీసుకెళ్లే బాధ్యత నా మీద పడింది. ఫ్రెంచ్, ఇటాలియన్, జర్మన్, స్పానిష్‌లను కలిపి మా రంగంలో ‘ఫిగ్స్’ అంటాం. ఆ నాలుగూ, వాటితో పాటు పోర్చుగీస్, డచ్, పోలిష్, స్వీడిష్. జర్మన్, ఫ్రెంచ్ నాకు బాగా వచ్చు. స్పానిష్, ఇటాలియన్ చదివి అర్థం చేసుకుంటాను. మిగతా నాలుగింటికీ అనువాదకుల మాటే నాకు ఆధారం.

ఆవిడ మాటల నిండా నెట్టడాలే. పుష్ అనే ఒక్క క్రియ చుట్టూ ఇంగ్లీషు పెద్ద సంసారం కట్టుకుంది. పొమ్మనడానికి అదే, ఉద్యోగం ఊడడానికి అదే, అదృష్టాన్ని మరీ పరీక్షించడానికి అదే, యాభయ్యో ఏటికి దగ్గర పడడానికీ అదే. తెలుగువాళ్లకు ఇది వింతగా అనిపించకూడదు. మనం సంసారం నెట్టుకొస్తాం, రోజులు నెడతాం, పెద్దల మాట తోసిరాజంటాం. పిటిషన్‌ను కోర్టు తోసిపుచ్చిందని రోజూ పేపర్లో చదువుతాం. నెట్టడానికీ, వద్దు పొమ్మనడానికీ ఉన్న చుట్టరికం మనకు పాతదే. చిక్కల్లా ఆ చుట్టరికం ఒక్కో భాషలో ఒక్కో చోట తెగిపోతుంది. తెగిన చోటు బయటికి కనిపించదు.

మెమరీ చేసిన పని

ముందు యంత్రాంగం గురించి చెప్పాలి, ఎందుకంటే మొదటి పొరపాటు అక్కడే పుట్టింది. మేం వాడే సాఫ్ట్‌వేర్లో ట్రాన్స్‌లేషన్ మెమరీ ఉంటుంది. ఒక వాక్యాన్ని ఒకసారి అనువదిస్తే దాన్ని దాచుకుని, అదే వాక్యం మళ్లీ వచ్చినప్పుడు పాత అనువాదాన్నే నింపేస్తుంది. దాన్ని నూటికి నూరు మ్యాచ్ అంటాం. మాన్యువల్స్‌కీ, మందుల పెట్టెల్లోని కాగితాలకీ ఇది గొప్ప వరం. ‘మూత గట్టిగా బిగించండి’ అన్న మాట పదిచోట్ల పదిరకాలుగా ఉండకూడదు కదా. కానీ అలా నిండిన వాక్యాలకు అనువాదకులకు దక్కే రేటు తక్కువ, కొన్నిసార్లు అసలేమీ ఉండదు. అందుకని వాటిని ఎవరూ తెరిచి చూడరు. సంభాషణలకు అదే విషం.

పైగా మాకొచ్చిన ఫైలులో మాటలు కథ నడిచే వరసలో లేవు, స్ట్రింగ్ నంబర్ల వరసలో ఉన్నాయి (ఫైలులోని ఒక్కో మాటను స్ట్రింగ్ అంటాం). మాట్లాడేది ఎవరో ఒక గడిలో రాసి ఉంది. వినేది ఎవరో రాసి లేదు. నంబర్ల ప్రకారం వసూలువాడి సీను ముందొచ్చింది. జర్మన్ అనువాదకురాలు ఆ సీనుకు తగ్గట్టే ‘ఫెర్‌ష్విండె!’ అని రాసింది. మాయమైపో, కళ్ల ముందు ఉండకు అని. అక్కడికది సరైన మాటే. మెమరీ దాన్ని తీసుకెళ్లి మనవడి సీన్లోనూ, మలయాళీ కుర్రాడి సీన్లోనూ పెట్టేసింది. పరీక్షకు ఆడిచూసిన జర్మన్ ఆటగాళ్ల నుంచి వచ్చిన మొదటి ప్రశ్న: ‘ఈ ముసలావిడకు ఆ పిల్లాడంటే ఎందుకంత కోపం?’

ఆ ప్రశ్న చదివి నాకు చాలా బాధ కలిగింది. ఆ పిల్లాణ్ణి ఆవిడ ప్రాణంగా చూసుకోవడమే కథకు ఆయువుపట్టు. వినేవాడి పేరు లేకుండా ఫైలు పంపినది నేను. ఆ తప్పు అనువాదకురాలిది కాదని మొదటి రోజే లిఖితపూర్వకంగా చెప్పాను.

మిరియాలు పండే చోటు

నూటికి నూరు మ్యాచ్‌లు అన్నింటినీ తెరిపించి, మూడు చోట్లా విడివిడిగా రాయమన్నాం. మనవడికి జర్మన్‌లో ‘అప్ మిట్ డియర్!’ వచ్చింది. ‘ఇక బయల్దేరు నువ్వు’ అన్నట్టు, పిల్లల్ని తరిమేటప్పుడు అమ్మమ్మలు అనే మాట. చక్కగా కుదిరింది. మలయాళీ కుర్రాడి దగ్గర మాత్రం, ఈసారి పాత్రకు కాస్త రంగు రావాలన్న శ్రద్ధతో, అనువాదకురాలు ఒక నుడికారం వాడింది: ‘మిరియాలు పండే చోటికి పో’.

జర్మన్‌లో ఇది 16వ శతాబ్దపు రాతల్లోనే కనిపించే మాట. స్వీడిష్‌లో, డేనిష్‌లో, ఫిన్నిష్‌లో కూడా దీని తోబుట్టువులున్నాయి. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ తీరానికి చేరేదాకా యూరప్ నుంచి మిరియాల నేలకు నేరుగా సముద్రపు దారే తెలియదు. ఆ తర్వాత కూడా ఓడెక్కినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. అందుకని జర్మన్ నోట మిరియాలు పండే చోటంటే ఊహకందని దూరం. ఈ కాలపు జర్మన్‌కు ఆ మాటలో మిరియాలు కనిపించవు, దూరమే వినిపిస్తుంది. రివ్యూయర్ కూడా అలాగే విన్నాడు, ఆమోదించాడు.

నేను అలా వినలేకపోయాను. మిరియాలు పండే చోటంటే నాకు మలబారు. ఆ కుర్రాడి తల్లిదండ్రులు ఉండే ఊరు. తనను ప్రేమగా చూసే ఇంటావిడ నోట ఆ మాట రావడమంటే ‘మీ దేశానికి పో’ అన్నట్టే. అనువాదకురాలు కలలో కూడా అనుకోని అర్థం అది. చచ్చిపోయిందనుకున్న ఉపమానం, వినేవాడు మారగానే లేచి కూర్చుంది. ఫోన్ చేసి చెప్పగానే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత తనే స్వీడిష్ అనువాదకుడికి కబురు పెట్టింది, అక్కడా మిరియాలు వచ్చాయేమో చూడమని. రాలేదు.

పోర్చుగీస్ అనువాదకురాలు మాత్రం ఇలాంటిదే ఒకటి ముందే పసిగట్టి పక్కన పెట్టేసింది. ‘పోయి కోతులకు తల దువ్వు’ అనేది పోర్చుగల్‌లో నవ్వుతూ అనే తిరస్కారం. నల్లటి కుర్రాడితో తెల్లావిడ అంటే అది నవ్వులాట కాదు. ‘పోయి బంగాళాదుంపలు నాటుకో’, ‘పోయి కుక్కకు స్నానం చేయించు’ అనే మాటలు కూడా ఆ భాషలో ఉన్నాయి. ఆవిడ వాటి జోలికీ పోకుండా, ‘పోయి పడుకో బాబూ’ అని తేలిగ్గా రాసింది. కామెంట్ గడిలో ఆవిడ రాసిన కారణం ఒక్క వాక్యం: ఈ సీన్లో పొమ్మనడం తిరస్కారం కాదు, అక్కర.

భోజనానికి తిరిగి రావచ్చా?

ఆ వాక్యం చదివాకే నా ఫైలులో ఏం తక్కువైందో తెలిసింది. వినేవాడి పేరు రాస్తే సరిపోదు. పొమ్మన్నాక ఏం జరుగుతుందో రాయాలి. స్ట్రింగుల పక్కన కొత్త గడి ఒకటి పెట్టాను: ‘ఈ మాట పడ్డవాడు రాత్రి భోజనానికి తిరిగి రావచ్చా?’ మనవడు – వస్తాడు, రాకపోతే ఆవిడే వెతుక్కుంటూ వెళ్తుంది. వసూలువాడు – రాకూడదు. నర్సింగ్ కుర్రాడు – పొద్దున్నే టీకి వస్తాడు.

మామూలుగా మేం రిజిస్టర్ అని ఒక గడి పెడతాం. మర్యాద, మామూలు, మొరటు అని మూడు మెట్లు. దానితో ఈ పని కాదు, ఎందుకంటే మర్యాదా కాఠిన్యమూ రెండు వేర్వేరు దారాలు. ఇది తెలుగువాడికి వివరించనక్కర్లేదు. ఇంటికొచ్చినవాణ్ణి ‘దయచేయండి’ అంటూ లోపలికి పిలుస్తాం. కోపమొస్తే ‘ఇక తమరు దయచేయవచ్చు’ అని అదే క్రియతో బయటికి పంపుతాం. ‘పోరా’ కంటే ఆ ‘దయచేయవచ్చు’ ఎంత చల్లగా కోస్తుందో మనకు తెలుసు. పోలిష్‌లో వసూలువాడికి సరిగ్గా ఇలాంటి మాటే కుదిరింది: ‘ప్రోషె షె వినోశిచ్’. ‘దయచేసి’ అని మొదలై ‘మూటాముల్లె సర్దుకుని కదలండి’ అని ముగుస్తుంది. స్నేహితుల మధ్య వాడే ‘స్పదై’, అంటే రాలిపో, అక్కడ పెట్టి ఉంటే ఆవిడ వీధి గొడవల మనిషిలా కనిపించేది. మనవడికేమో ‘జ్మికై’. ఉడత తుర్రుమన్నట్టు పరిగెత్తమని పిల్లలతో అనే మాట.

ఇంకో సంగతి. పొమ్మనే దూరానికీ, ఆ తోపులోని బలానికీ పొంతన లేదు. డచ్‌లో ‘చంద్రుడి దాకా నడు’ అంటారు. దూరం అంతకు మించి లేదు, మాట మాత్రం తేలిక. వసూలువాడికి అది చాలదని అనువాదకుడు తీసేశాడు. స్వీడిష్‌లో ‘అడవికి పో’ వినడానికి విహారంలా ఉంటుంది కానీ, నరకానికి పొమ్మనే మాటకు వేసిన మెత్తని ముసుగు అది. ఇటాలియన్‌లో వసూలువాడికి ఊరూ వాడా ఏమీ లేదు, ‘నా కాళ్ల దగ్గర్నుంచి తప్పుకోండి’ అంతే. రెండడుగుల దూరమే, కానీ అందరికంటే గట్టిగా తగిలింది.

స్పానిష్‌లో ఒక సంతోషం దక్కింది. ‘పుష్ ఆఫ్’ పడవల మాట. ఒడ్డును తెడ్డుతో నెట్టి నీళ్లలోకి కదలడం. వసూలువాడికి స్పానిష్ అనువాదకుడు ఎంచుకున్న ‘లార్గెసె’ కూడా సముద్రం నుంచి వచ్చిందే. తాడు వదిలి, ఓడ కడలిలోకి సాగిపోవడం దాని పాత అర్థం. రేవు ఊరి ఆవిడ నోటికి రెండు భాషల్లోనూ ఉప్పునీళ్ల మాటే వచ్చింది. మనవడికి మాత్రం ‘ఆందా, తీరా’. ఇక్కడ ‘తీరా’ అంటే అక్షరాలా ‘లాగు’. ఇంగ్లీషు నెడితే స్పానిష్ లాగింది. జర్మన్‌లో కూడా పొమ్మనడానికి ‘తాడు లాగు’ అనే మాట ఉంది. క్రియ దిక్కు మారినా మనిషి వెళ్లే దిక్కు మారలేదు. నెట్టడం, లాగడం ప్రస్తావన వచ్చింది కనుక ఇదొకటి చెప్పాలి: లిస్బన్‌లో షాపు తలుపుల మీద ‘పుష్’ అని పలికే మాట కనిపిస్తుంది. దానర్థం లాగమని. నెట్టమనడానికి వాళ్ల మాట ‘ఎంపుర్రె’.

తెరిచిన తలుపు

పై తప్పులు ఆటగాళ్లకో మాకో త్వరగానే దొరికాయి. ఇప్పుడు చెప్పబోయేదాన్ని దాదాపు ఎవరూ పట్టుకోలేదు. నాకు ఇప్పటికీ ఎక్కువ భయం కలిగించేది ఇదే.

కథలో ఆవిడ ఇంటిని కూల్చాలని మునిసిపాలిటీలో ఒక ప్రతిపాదన ఉంది. అక్కణ్ణుంచి ఒక అధికారి వస్తాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి ఇల్లెందుకు ఉండాలో ఏకరువు పెడుతుంది. అతను అంటాడు: ‘మీరు తెరిచిన తలుపును నెడుతున్నారు’. ఇంగ్లీషులో దీని భావం: నేను ఎప్పుడో మీ వైపు వచ్చేశాను, నన్ను ఒప్పించాల్సిన పనే లేదు. వెంటనే ఆవిడ జవాబు: ‘అయితే వేసెయ్, చలిగాలి కొడుతోంది’. ఈ రెండు మాటల తర్వాత ఆ అధికారిని నమ్మాలా వద్దా అని ఆటగాడు తేల్చుకోవాలి.

యూరప్‌లో చాలా భాషల్లో ఈ తలుపు ఉంది. అందుకే ప్రమాదం. జర్మన్ అధికారి ‘నా దగ్గర మీరు తెరిచిన తలుపుల్లోకి దూసుకొస్తున్నారు’ అంటే సరిగ్గా ఇంగ్లీషు అర్థమే. ఇటాలియన్‌లో ‘నాతో అయితే తెరిచిన తలుపునే బద్దలు కొడుతున్నారు’ అన్నా అంతే. అదే తలుపు ఫ్రెంచ్‌లో బద్దలైతే అర్థం వేరు: ‘అందరికీ తెలిసిందే పెద్ద కనిపెట్టినట్టు చెబుతున్నారే’ అని. డచ్‌లో తెరిచిన తలుపును తన్నినా ఇదే ఎత్తిపొడుపు. మొదటి విడతలో ఫ్రెంచ్, డచ్ రెండింట్లోనూ ఆ తలుపే వచ్చింది. ఆ భాషల వాళ్లకు అది తమ సొంత నుడికారం కనుక వాక్యం ఎక్కడా గరుకుగా లేదు. మూలంతో పోల్చి చూసిన రివ్యూయర్‌కు తలుపు ఎదురుగా తలుపు కనిపించింది. నాకూ అంతే. ఫ్రెంచ్ బాగా వచ్చని పైన రాసుకున్నాను. నేనూ ఆ వాక్యం మీద సంతకం పెట్టినవాణ్ణే.

బయటపడింది ఎలాగంటే, ఆటగాళ్లు ఎంచుకున్న దారుల్ని చూసినప్పుడు. ఫ్రెంచ్‌లో ఆడినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ అధికారిని శత్రువుగా లెక్కేసుకున్నారు. ఎందుకని అడిగితే ఒక అమ్మాయి చెప్పింది: ‘పెద్దావిడ అంత బాధగా చెబుతుంటే వెటకారం చేశాడు’.

సరిదిద్దడానికి అర్థం మార్చడం ఒక్కటే చాలదు, ఆవిడ జవాబు కూడా తలుపు మీదే ఆధారపడింది. ఫ్రెంచ్ అనువాదకుడు మూడు రోజులు అడిగాడు, ఇచ్చాను. అతను తెచ్చిన జంట ఇది. అధికారి: ‘ఒప్పుకున్నవాడికే మీరు ప్రవచనం చెబుతున్నారు’. ఆవిడ: ‘అయితే కూర్చో, పూజ చాలాసేపు సాగుతుంది’. అక్కడ పూజంటే చర్చిలో ఆదివారం జరిగే మాస్. ఫ్రెంచ్‌లో ఒప్పుకున్నవాడికి బోధ చేయడం వాడుకలో ఉన్న మాటే. దాని లోపలి నుంచే కొత్త చమత్కారం పుట్టింది. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడిన ఆవిడ కుర్చీ చూపించడంతో ఆ మనిషిని నమ్మొచ్చన్న సూచన మూలంలో కంటే గట్టిపడింది కూడా.

డచ్‌లో అదే దారి పట్టబోయి ఆగాం. అక్కడ ‘సొంత చర్చివాళ్లకే ప్రవచనం’ అన్న మాట ఉంది కానీ, స్వలాభం కోసం వాదిస్తున్నాడన్న నీడ దాని వెంట ఉంటుంది. ఇల్లు ఆవిడదే కనుక ఆ నీడ నేరుగా ఆవిడ మీదే పడుతుంది. చివరికి డచ్ అధికారి నుడికారమేమీ లేకుండా ‘నన్ను ఒప్పించాల్సిన పని లేదండీ’ అన్నాడు. ఆవిడ ‘మరెవర్ని?’ అంది. ఇందులో చమత్కారం లేదు, కానీ తర్వాతి సీనుకు అదే దారి తీసింది, ఒప్పించాల్సిన మనిషి పేరు అక్కడే బయటపడుతుంది.

షికారుకు పంపడం

ఆవిడ కొడుకు ఓడరేవు పని పోగొట్టుకున్నాడు. ‘పుష్ దొరికింది వాడికి’ అంటుంది ఆవిడ ఇంగ్లీషులో. ఉద్యోగం ఊడింది అని. స్పానిష్ మొదటి విడతలో ఇది ‘వాడికి ఒక ఎంపుహోన్ ఇచ్చారు’ అని వచ్చింది. ఎంపుహోన్ అంటే తోపే. కానీ ఎవరికైనా ఒక తోపు ఇచ్చారంటే స్పానిష్‌లో చేయూత ఇచ్చారని, పైకి రావడానికి సాయపడ్డారని. పని పోయినవాడు ప్రమోషన్ వచ్చినవాడయ్యాడు. దాన్ని ‘చిన్ని పాదాలతో వీధిలో నిలబెట్టారు’ అన్న మాటతో మార్చాం. తల్లి నోట ఆ ‘చిన్ని పాదాలు’ ఎంతో బాగున్నాయి. పోలిష్‌లో వాణ్ణి ‘ఒలకబోశారు’. జర్మన్‌లో వాడు ‘బయటికి ఎగిరిపడ్డాడు’.

ఇటాలియన్‌లో ‘షికారుకు పంపారు’. ఈ షికారు దగ్గర మాకు ఇంకో తలుపు లాంటిదే ఎదురైంది, ఈసారి ముందే చూసుకున్నాం. ఫ్రెంచ్‌లో, స్పానిష్‌లో ఎవరినైనా షికారుకు పంపడమంటే మాటతో కసిరి తరిమెయ్యడం. ఇటాలియన్‌లో అదే షికారుకు పంపితే ఉద్యోగం పోవడం. షికారులో ఉన్నవాడంటే నిరుద్యోగి. పొరుగు భాషలు, చాలా పదాలు తోబుట్టువులు, అయినా ఒకచోట షికారు వెళ్లినవాడు సాయంత్రానికి ఇంటికొస్తాడు, ఇంకోచోట జీతం లేకుండా వస్తాడు. ఇటాలియన్ అనువాదకురాలి దగ్గర ఫ్రెంచ్ ఫైలు కూడా చూసే అలవాటు ఉంది. ఆ అలవాటును మెచ్చుకుంటూనే, ఈ స్ట్రింగుల దగ్గర మానమని కోరాను.

ఆ మంచి అధికారిని చివరి అధ్యాయంలో పైకి తన్నేస్తారు. అంటే అడ్డు తొలగించుకోడానికి ప్రమోషన్ ఇస్తారు. జర్మన్‌లో ‘పొగిడి పంపించేశారు’, డచ్‌లో ‘ప్రమోషన్‌తో పంపించేశారు’, స్వీడిష్‌లో ‘ఏటవాలుగా పైకి తన్నారు’. ఫ్రెంచ్‌లో మొదట ‘లిమొజే’ వచ్చింది. దాని వెనక చరిత్ర ఉంది. 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో, ఫ్రెంచ్ సర్వసేనాని జోఫ్ర్ పదవుల నుంచి తప్పించిన సేనానులను యుద్ధరంగానికి దూరంగా లిమోజ్ ప్రాంతానికి పంపారు. ఊరి పేరే క్రియ అయింది. మంచి మాటే కానీ అందులో అవమానం బాహాటంగా ఉంటుంది. ఇక్కడ జరిగింది పూలదండ వేసి పంపడం. మన ‘ఉద్వాసన’ నాకు గుర్తొచ్చింది. పూజలు చేసిన దేవుణ్ణి మంత్రాలతో సాగనంపడం దాని అసలు అర్థం, పేపర్లలో పదవి ఊడడం. ఫ్రెంచ్‌లో అంత దగ్గరి మాట దొరక్క ‘వదిలించుకోడానికి ప్రమోషన్ ఇచ్చారు’ అని నేరుగా చెప్పించాం.

మిగిలినవి

అదృష్టాన్ని మరీ నెట్టొద్దు అన్న మాట దగ్గర ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్ మూడూ తాడు లాగాయి. తెగేదాకా లాగొద్దు అని మనమూ అంటాం. అందుకని ఆ వాక్యాలు చదువుతుంటే సొంత ఊరి మాట విన్నట్టుంది. ఫ్రెంచ్‌లో ‘బెండును మరీ దూరం నెట్టకు’ అన్నది కూడా ఉంది, పైగా అందులో నెట్టడం ఉంది కదా అని నేనే సూచించాను. అనువాదకుడు ఒప్పుకోలేదు. ఒకప్పటి టీవీ ప్రకటనలో ఒక పసి గొంతు ‘బెండు మరీ దూరం నెడుతున్నావ్, మోరీస్’ అంటుంది. ఆ తరం ఫ్రెంచ్‌వాళ్లందరికీ ఆ గొంతు చెవిలో ఉంది. గంభీరమైన సీన్లో ఆ మాట పడితే అందరూ నవ్వుతారట. నిఘంటువు చెప్పలేని సంగతి అది.

ఒక అధ్యాయం పేరు ‘తోపు కాస్తా నెట్టుగా మారినప్పుడు’ అనే ఇంగ్లీషు మాట. పీకల మీదికొచ్చినప్పుడు అని భావం. ఆ అధ్యాయమంతా అప్పు గడువు గురించి. స్వీడిష్‌లో ‘సుద్దముక్క దాకా వచ్చినప్పుడు’ అంటారు, పద్దు సుద్దతో రాసుకున్న రోజుల మాట. ఇటాలియన్‌లో ‘లెక్క అప్పజెప్పే వేళ’. రెండూ మూలం కంటే ఆ అధ్యాయానికే ఎక్కువ నప్పాయి. స్పానిష్‌లో ‘నిజం తేలే గడియ’ ఎద్దుల పోరు బరి నుంచి వచ్చింది, అదీ బాగుంది. పోలిష్ పేరు ‘ఏది దేనిదాకా వస్తే’ అన్నట్టు ఉంటుంది. ఎందుకు పని చేస్తుందో నాకు చెప్పడం రాదు, చేస్తుందని అక్కడివాళ్లందరూ అన్నారు.

చనిపోయిన భర్త గురించి ఆవిడ ‘డైసీ పూలను పైకి నెడుతున్నాడు’ అంటుంది. సమాధి మీద మొలిచిన పూలన్నమాట. ఫ్రెంచ్ భర్త పిస్సాంలీ మొక్కల్ని వేళ్ల వైపు నుంచి తింటాడు, స్పానిష్ భర్త మాల్వా పూలు పెంచుతాడు, పోలిష్ భర్త పూలను కింది నుంచి వాసన చూస్తాడు. వీటికి ఇబ్బంది లేదు. జర్మన్ భర్త మాత్రం ముల్లంగి దుంపల్ని కింది నుంచి చూస్తుంటాడు. తెర మీదేమో కిటికీ దగ్గర డైసీ కుండీ, తర్వాతి మాట ‘ఆదివారం ఆదివారం నీళ్లు పోస్తా’. జర్మన్ కోసం కుండీలో ఏం పెట్టాలన్న చర్చ రెండు వారాలు నడిచింది. బొమ్మలేసే అమ్మాయి కుండీ పక్కన ఒక చిన్న ముల్లంగి మడి గీసి ఇచ్చింది, ఆ మడి ఎనిమిది భాషల్లోనూ ఉండిపోయింది.

నాలుగో ‘పుష్ ఆఫ్’

కొత్త అధ్యాయం ఫైలు మొన్ననే వచ్చింది. వసూలువాడి ఉద్యోగం పోయింది. అతను ఆవిడ వంటింట్లో కూర్చుని సూప్ తాగుతాడు. చీకటి పడుతోందని, బస్సు తప్పుతుందని ఆవిడ ‘పుష్ ఆఫ్’ అంటుంది. అదే ఆవిడ, అదే మనిషి, అవే రెండు పదాలు. మాట్లాడేవారి పేరూ వినేవారి పేరూ రెండూ సరిపోవడంతో మెమరీ మధ్యాహ్నపు గుమ్మం దగ్గరి పాత కోపాన్ని తెచ్చి నింపింది. కొత్త గడిలో రచయిత ఈసారి రాసి పంపిన జవాబు ‘రావచ్చు’.

ముందుగా పోలిష్ నుంచి వచ్చింది. అతను పరాయి మగవాడు కనుక గౌరవ వాచకం తీయడానికి లేదు. అలా ఉంచి, క్రియ మాత్రం మనవడిది పెట్టాడు: ‘న్యెఖ్ పాన్ యుష్ జ్మికా’. ‘ఇక తుర్రుమనండి, అయ్యగారూ’ అన్నట్టు. గంట తర్వాత ఫ్రెంచ్ కూడా అదే దారిలో వచ్చింది. మనవడి ‘ఆలే, ఫీల్’ ఇప్పుడు ‘మీరు’తో కలిసి ‘ఆలే, ఫీలే’ అయింది. జర్మన్ అనువాదకురాలు ఇంకా పంపలేదు. ఆవిడ అడిగిన ప్రశ్న రచయితకు పంపాను: సూప్ గిన్నె అతను తోమి వెళ్తున్నాడా, అలాగే వదిలేసి వెళ్తున్నాడా?